సమస్య: ‘మురికి పట్టు కొలది ముక్తి గలిగె’

వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీది ఇటుకల బౌద్ధ స్తూపాన్ని మరోసారి చూసి శ్రీకాకుళం తిరిగి వస్తుండగా తోచిన ఆటవెలది నాలుగో పాదమిది. బుద్ధుని శిష్యుల జీవితాల నుంచి ఒక పాఠాన్ని తీసుకొని పూరించమని సభ్యులను కోరాను.

ఆమదాలవలస సభ్యుని పూరణ:

పద్యమొకటి రాని పంథకునకు శాస్త
తెల్లగుడ్డ యొకటి తెచ్చి యొసగె
రవికి నెదురుగాను రజమంచు రుద్దగా
మురికి పట్టు కొలది ముక్తి గలిగె

చూళపంథకుని కథ సమస్యకు చక్కగా అతికింది. నాలుగు నెలలైనా ఒక్క గాథ నోటికి రాలేదని సొంత అన్న మహాపంథకుడే విహారం విడిచి పొమ్మన్న ఆ భిక్షువుకు, బుద్ధుడు తెల్లని గుడ్డనిచ్చి ‘రజోహరణం’ (మురికిని తొలగించడం) అంటూ రుద్దమన్నాడు. ఈ పద్యం చదివాక పొందూరు ఖద్దరు ముక్కను తీసుకొని ఎండలో కూర్చొని నేనూ రుద్ది చూశాను. వాలుగ చేప దవడతో ఏకిన పత్తితో నేసిన ఆ తెలుపు మీద కాసేపటికే చెమటతో కలిసిన బూడిదరంగు చార తేలింది. ఆ మురికి నా చేతులదే. పద్యం అప్పజెప్పలేని పిల్లలను ఎందరినో బెంచీ ఎక్కించిన ఉపాధ్యాయుణ్ణి కనుక ఈ కథ నన్ను చాలాసేపు వదలలేదు. ‘ఒకటి’ పునరుక్తమైంది. రెండో పాదాన్ని ‘తెల్లనైన గుడ్డ తెచ్చి యొసగె’ అని మార్చవచ్చు.

బొబ్బిలి సోదరి పూరణ:

రాజగృహపు వీధి రజమూడ్చువానికి
రమ్ము భిక్షువనిన రవము సోకె
చేతి చీపురొదలి చెంత కేగినయంత
మురికి పట్టు కొలది ముక్తి గలిగె

అమ్మా, వీధులూడ్చే సునీతుణ్ణి ఎన్నుకోవడమే గొప్ప ఆలోచన, రెండో పాదం మరీ బాగుంది. అయితే ‘వదలి’ని ‘ఒదలి’ చేయడం గ్రాంథికానికి ఒప్పదు. అంతకన్నా పెద్ద చిక్కు, సునీతునికి ఇక్కడ మురికి వదిలిందే గాని పట్టలేదు కదా. ‘కొలది’కి అన్వయం కుదరలేదు.

టెక్కలి సభ్యుని పూరణ:

అద్దమట్లు చూడు మనుచు రాహులునకు
తండ్రి తెలుపగానె తనదు మదిని
చేయు ముందు పిదప చేసెడి వేళను
మురికి పట్టు కొలది ముక్తి గలిగె

‘పట్టు’కు ‘పసిగట్టు’ అనే అర్థం తీసి, మురికి అంటితే ముక్తి ఎలా కలుగుతుందన్న విరోధాన్ని పరిహరించిన తీరు నేను ఊహించనిది. జడపదాలకు (ప్రాణం లేని వాటి పేర్లకు) ద్వితీయ స్థానంలో ప్రథమ రావడం పరిపాటే కనుక ‘మురికిని’ అనకుండా ‘మురికి’ అన్నా దోషం లేదు. మొదటి పాదంలో ‘అద్ద’లోని అకారానికి ‘చూడుము + అనుచు’ సంధిలో కలిసిన అకారంతో సంధిగత స్వరయతి సరిపోయింది. కళింగాన్ని రక్తసిక్తం చేసిన అశోకుడే తరువాత భాబ్రూ శాసనంలో, అసత్యం గురించి రాహులునికి బుద్ధుడు చేసిన బోధను భిక్షువులూ ఉపాసకులూ పదేపదే వినాలని చెక్కించాడు. ఆ యుద్ధాన్ని చవిచూసిన నేల మీది వాళ్ళం కనుక మనం ఆ మాటను మరింత శ్రద్ధగా చదవాలనిపిస్తుంది.

బొబ్బిలి సోదరి: మాష్టారూ, నమస్కారం. టెక్కలి వారి ‘పట్టు’ను అరువు తెచ్చుకొని మూడో పాదాన్ని మార్చాను, చూడగలరు.

మేన గాదు, మదిని మేలుకొనగ దానె
మురికి పట్టు కొలది ముక్తి గలిగె

అమ్మా, ఇప్పుడు అన్వయం కుదిరింది.