సంక్రాంతి ముగ్గులో ఓలోనీ బుట్టల నమూనా వేయవచ్చా?

ఫ్రీమాంట్_పెరడు:
నమస్తే అండి. ఆరేళ్లుగా కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటున్నాం. మొన్న పాపతో కొయొటీ హిల్స్ పార్కుకి వెళ్లాను. ఈ ప్రాంతపు ఆదివాసులైన ఓలోనీలు తుంగతో కట్టుకునే ఇల్లు చూసింది. తిరిగొస్తూ కారులో "మరి మన ఇంటి చోట ఎవరుండేవాళ్లమ్మా?" అంది. నా దగ్గర జవాబు లేదు. 1797లో స్పెయిన్ క్రైస్తవ ఫాదిరీలు పెట్టిన మిషన్ సాన్ హోసే పక్క నుంచే రోజూ ఆఫీసుకి వెళ్తాను. పాత చర్చి అనుకున్నానే గానీ, ఆ మిషన్ రోజుల్లో చనిపోయిన వేలమంది ఓలోనీల శ్మశానం దగ్గర్లోనే ఉందని ఇన్నాళ్లూ తెలియదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ముందున్న లాన్ తీసేశాను. పెరట్లో పెద్ద కోస్ట్ లైవ్ ఓక్ ఉంది, దాని కింద గోంగూర మడి, కరివేపాకు పెడదామని ఉంది. సీతాకోకచిలుకల కోసం నర్సరీలో ఎరుపు, పసుపు పూల మిల్క్‌వీడ్ కొన్నాను. సంక్రాంతికి డ్రైవ్‌వే మీద ఓలోనీ బుట్టల నమూనాని ముగ్గుగా వేసి, కింద "ఇది ఓలోనీల నేల" అని రాయాలనుకుంటున్నాను. ఇందులో తప్పేమైనా ఉందా?

మట్టివాసన:
ముందు ఓక్ సంగతి. దాని కింద మడి వద్దండి. వేసవిలో వాన పడని ఈ నేలకి అలవాటుపడిన చెట్టు అది. గోంగూరకి పోసే నీళ్లతో మొదలు దగ్గర తడి ఆరకపోతే వేళ్లు కుళ్లి చెట్టే పోతుంది. రాలిన ఆకుల్ని కూడా ఊడ్చేయకండి. కరివేపాకు ఎలాగూ కుండీలోనే బాగుంటుంది, చలికి లోపల పెట్టుకోవచ్చు.

మీరు కొన్నది ట్రాపికల్ మిల్క్‌వీడ్‌లా ఉంది. ఇక్కడ చలికాలంలోనూ పచ్చగానే ఉంటుంది కాబట్టి మోనార్క్ సీతాకోకచిలుకలకు పట్టే పరాన్నజీవి దాని ఆకుల మీద పేరుకుపోతుంది. సన్నాకుల స్థానిక మిల్క్‌వీడ్ అడగండి. మన జిల్లేడుకి చుట్టమే, తుంచితే పాలు కారతాయి.

పాడేరు_పిల్ల:
మేం పాడేరు వైపు భగత గిరిజనులం. మా అమ్మమ్మ మామిడి టెంకల్లోని జీడి దంచి, పిండిని గుడ్డలో మూటకట్టి గెడ్డలో పారే నీళ్లలో పెట్టేది. వగరు పోయాక అంబలి. ఓలోనీలూ ఓక్ కాయల పిండిని నీళ్లతో కడిగి వగరు తీస్తారని చదివినప్పుడు నాకు ఏడుపొచ్చింది.

ముగ్గు విషయంలో మాత్రం వద్దంటాను. ఒక రిసార్ట్ గోడ నిండా మావాళ్ల థింసా నాట్యం బొమ్మ చూశాను. ఆ గీసినవాళ్లు మా ఊళ్లో ఒక్కరినీ అడగలేదు. బుట్ట అల్లినామె ఆ గీతలో ఏం పెట్టుకుందో మనకేం తెలుసు? మా నేలకి కనీసం 1/70 చట్టం ఉంది. గిరిజనేతరులు కొనకూడదు. ఓలోనీలకైతే అమెరికా ప్రభుత్వం తెగగా గుర్తింపే ఇవ్వలేదు. బొమ్మ కన్నా వాళ్లకి నేల ముఖ్యం.

ఓక్లాండ్_బాబాయ్:
ఆ నేల కోసమే సొగొరియా టే లాండ్ ట్రస్ట్ ఉందమ్మా. కొరీనా గౌల్డ్, జొనెల్లా లారోజ్ అనే ఇద్దరు ఆదివాసీ స్త్రీలు మొదలుపెట్టారు. ఇక్కడ ఉంటున్నవాళ్లం ఏటా ఇంటిని బట్టి ఎంతో కొంత ఇస్తాం. దాన్ని 'షూమీ' అంటారు, వాళ్ల చోచెన్యో భాషలో కానుక అని. 2024లో బర్కిలీలో ఓలోనీల పూర్వీకుల్ని పాతిపెట్టిన ఆల్చిప్పల దిబ్బ స్థలం ఈ ట్రస్టుకే తిరిగి దక్కింది. చాలా ఏళ్లుగా కార్ల పార్కింగ్‌గా ఉన్న చోటు అది.

ఫ్రీమాంట్_పెరడు:
అందరికీ దండాలు. ముగ్గు మా నానమ్మ నేర్పిన మెలికలదే వేస్తాను. షూమీ ఈ రాత్రే కడతాను, పాప తన డిబ్బీలోని 11 డాలర్లు కూడా కలపమంది. మిల్క్‌వీడ్ శనివారం పీకేస్తాం. పాప ఓక్ కాయలు ఏరి గిన్నె నిండా పెట్టింది. పాడేరు అక్కా, ఇక్కడ గెడ్డ లేదు, కుళాయి నీళ్లు మారుస్తూ నానబెడితే వగరు పోతుందా?