‘తానొవ్వక’లో ఉన్నది ‘నొవ్వక’యేనా, ‘ఒవ్వక’యా?

అక్షరాభ్యాసి: ఒక మిత్రుడు తన రాతప్రతిని దిద్దిపెట్టమని అడిగినప్పుడు కాదనలేక ‘చూద్దామండీ’ అన్నాను. ఆయన దానిని అంగీకారంగా తీసుకొని 300 పుటలు పంపించారు. అప్పటినుంచి సుమతీ పద్యపు చివరి పాదం నన్ను వదలడం లేదు. ‘తప్పించుక తిరుగువాడు’ అని బద్దెన మెచ్చుకొన్నది ముఖం చాటేసేవాడినా, మర్యాదగా కాదనగలిగినవాడినా?

కందప్రియ: ‘నొప్పింపక తానొవ్వక’ అన్న మూడో పాదాన్ని విడదీయడంలోనే పొరపాటు ఉందని నా నమ్మకం. ‘తా నొవ్వక’ అని కాక ‘తాను ఒవ్వక’ అని చూడండి. ‘ఒవ్వనివాడు’, ‘ఒవ్వమి’ అన్న మాటలలో ఉన్నది అదే. అప్పుడు ఎదుటివారిని నొప్పించకుండానే, తాను ఒప్పుకోకుండానే బయటపడేవాడు ధన్యుడని అర్థం వస్తుంది. గణాలూ చెడవు.

పాతపాఠకుడు: ఎలా విడదీసినా పలికేది ఒకటే కనుక గణాలు సాక్ష్యానికి రావండీ. ‘నొచ్చు’కు ప్రేరణరూపం ‘నొప్పించు’, వ్యతిరేకరూపం ‘నొవ్వక’. ఒకే ధాతువును పక్కపక్కన నిలపడమే ఆ పాదానికి ప్రాణం. నకారాన్ని తీసేస్తే ఆ జంట విడిపోతుంది. ఇక తప్పించుకోవడం అంటారా, ‘ఎప్పటి కెయ్యది ప్రస్తుత మప్పటి కా మాటలాడి’ అన్న తరువాతనే అది వస్తుంది. అందువల్ల నోరు మెదపనివాడికి ఈ పద్యంలో చోటు లేదు.

పద్యమిత్ర: కాదనడం గురించి మాట్లాడుతూ పోతన బలిని మరచిపోవడం నా వల్ల కాదు. గురువైన శుక్రుడే ఇవ్వవద్దన్నా ‘తిరుగన్ నేరదు నాదు జిహ్వ’ అన్నాడు. సుమతిలో ‘తిరుగు’ అంటే మసలడం, పోతనలో వెనుదిరగడం. మాట ఇచ్చిన తరువాత తప్పించుకొనే దారి ఆ నాలుకకు లేదు. అయితే ‘చూద్దామండీ’ మాట ఇచ్చినట్టు అవుతుందా?

అక్షరాభ్యాసి: అదే నా బాధ. ‘ఈ నెలలో నాకు వీలుపడదు, మరొకరిని అడగండి’ అని రాసి, పంపకుండా ఉంచుకొన్నాను. ‘వీలుపడదు’ నొప్పిస్తుందా?

కందప్రియ: నొప్పించదు, కాని వచ్చే నెలలో మళ్ళీ అడుగుతారు. ‘ఒప్పుకోలేను’ అనండి, నా ‘ఒవ్వక’ చెప్పేదీ అదే.

పాతపాఠకుడు: ‘ఒప్పుకోలేను’ అన్న మాట నిష్ఠూరంగా వినిపిస్తుంది, ‘ఈ పని నేను చేయలేనండి’ అంటే చాలు. కందప్రియ గారూ, ‘ఒవ్వక’ అన్న రూపం ఏ కావ్యంలోనైనా ఈ అర్థంలోనే కనబడితే దయచేసి చూపించండి. అంతవరకు నేను ఆ నకారాన్ని వదులుకోలేను.