పొలినేషియన్ చికెన్‌లో తాజా పైనాపిలా, టిన్ పైనాపిలా? అసలది పొలినేషియాదేనా?

ఎడిసన్_వదిన
మొన్న శనివారం ఆరుగురు భోజనానికి వస్తున్నారంటే, ఎప్పుడూ బిర్యానీయేనా అని పొలినేషియన్ చికెన్ చేశాను. తెలియనివాళ్ల కోసం: పైనాపిల్ రసం, సోయా సాస్, వెనిగర్, బ్రౌన్ షుగర్, అల్లం, వెల్లుల్లి, కాస్త కెచప్ కలిపి మరిగించి, కార్న్‌ఫ్లోర్‌తో చిక్కబరిచి, చికెన్‌కీ క్యాప్సికమ్‌కీ పట్టిస్తారు. తీపీ పులుపూ సమానంగా ఉంటాయి. నేను చూసిన పద్ధతిలో టిన్ పైనాపిల్ అని ఉంది. మంచి పండు దొరుకుతుంటే డబ్బాలోది ఎందుకని పండు కొని, మిక్సీలో తిప్పి, కేజీన్నర బోన్‌లెస్ తొడ ముక్కలు శుక్రవారం రాత్రి ఆ గుజ్జులో నానబెట్టాను.

పొద్దున మూత తీస్తే ముక్కల అంచులు తెల్లగా పాలిపోయి, మెతుకుల్లా వేలికి అంటుకుంటున్నాయి. సరే ఓవెన్‌లో గట్టిపడుతుందిలే అనుకున్నా. బయటికి తీశాక ఫోర్కుతో గుచ్చితే ముక్క లేవలేదు, ఫోర్కు ఒక్కటే లేచింది. మా ఆయన "గరిటెతో వడ్డించెయ్, ఉప్మా అనుకుంటారు" అన్నాడు. వచ్చినవాళ్లు మర్యాదస్తులు, ఏమీ అనలేదు. పప్పు మాత్రం గిన్నె ఖాళీ అయింది.

తాజా పండే మంచిదన్న పట్టుదల నాకింకా పోలేదు. తప్పు పండుదా, నాదా?

ల్యాబ్_బాబాయ్
పండుది కాదమ్మా, రాత్రంతా ఉంచడానిది. తాజా పైనాపిల్‌లో బ్రోమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది మాంసంలోని ప్రోటీన్‌ని కోసుకుంటూ పోతుంది. ఎక్కువ పైనాపిల్ తింటే నాలుక మండేది కూడా కొంత దానివల్లే. టిన్‌లోది ముందే వేడి చేసి సీలు చేస్తారు కాబట్టి ఎంజైమ్ చచ్చిపోతుంది. తాజా పైనాపిల్ ముక్కలేస్తే జెలటిన్ జెల్లీ గడ్డకట్టదు, టిన్ ముక్కలేస్తే కడుతుంది. అనుమానముంటే చేసి చూడండి.

ఇది మనకి తెలియని సంగతేం కాదు. హైదరాబాద్‌లో కబాబులకి, ముదురు మటన్‌కి పచ్చి బొప్పాయి రాస్తారు కదా, అక్కడా ఇలాంటి ఎంజైమే. కానీ ఏ వంటవాడూ లేత కోడికి గిన్నెడు బొప్పాయి పట్టించి తెల్లారేదాకా వదిలెయ్యడు. తాజా రసమే కావాలంటే అరగంట చాలు. లేదా రసాన్ని ముందు మరిగించి చల్లార్చండి.

గుంటూరు_ఘాటు
పైనాపిల్, కెచప్, చక్కెర. ఇది చికెనా, ఐస్‌క్రీమ్ మీద పోసేదా? వదినగారూ, నా మాట వినండి. వెనిగర్ తీసేసి చింతపండు పులుసు, బ్రౌన్ షుగర్ తీసేసి బెల్లం, నాలుగు ఎండుమిర్చి. అప్పుడు తీపి పులుపు అంటే ఏంటో తెలుస్తుంది.

ద్వీపాల_పిచ్చి
చింతపండు వేసుకోండి, కాదనను. దాన్ని మళ్లీ పొలినేషియన్ అనకండి. నిజానికి వదినగారు చేసినదాన్ని కూడా అనకూడదు.

పొలినేషియా అంటే పసిఫిక్ మహాసముద్రంలో హవాయి, న్యూజిలాండ్, రాపా నుయి (ఈస్టర్ ద్వీపం) మూలలుగా గీసిన పెద్ద త్రికోణం. సమోవా, టోంగా, తాహితి అన్నీ అందులోవే. అక్కడి పాత వంట అంటే కాల్చిన రాళ్ల వేడిలో ఆకులు కప్పి మగ్గబెట్టడం. హవాయిలో ఆ పొయ్యి ఇము, సమోవాలో ఉము. అందులో పంది మాంసం, చేపలు, చేమదుంపలు, బ్రెడ్‌ఫ్రూట్ (సీమ పనస). కోడి వాళ్లకి పాతదే, పడవల్లో వెంట తెచ్చుకున్నారు. హవాయిలోనూ సమోవాలోనూ కోడిని "మోవా" అంటారు. కానీ కోడిని వండేది చేమాకుతో, కొబ్బరిపాలతో. హవాయిలో చికెన్ లూఆవ్ అదే. మన పాలకూర చికెన్‌లో కొబ్బరిపాలు పోస్తే ఎలా ఉంటుందో ఇంచుమించు అలా కనిపిస్తుంది. తీపీ పులుపూ కాదు.

పైనాపిల్ పుట్టిల్లు దక్షిణ అమెరికా. హవాయి పేరుతో అది ముడిపడింది వ్యాపారం వల్ల. జేమ్స్ డోల్ 1901లో అక్కడ కంపెనీ పెట్టాడు, 1922లో లనాయి అనే ద్వీపాన్నే దాదాపు మొత్తం కొనేసి తోట వేశాడు. సోయా సాస్ చెరుకు తోటల్లో పనికొచ్చిన చైనా, జపాన్ కూలీలది. ఇక ఈ సాస్ పోసిన వంటకి "పొలినేషియన్" అనే బోర్డు తగిలించింది 1930ల నుంచి కాలిఫోర్నియాలో ద్వీపాల వేషంతో వెలసిన టికీ రెస్టారెంట్లు. హాలీవుడ్‌లో డాన్ ద బీచ్‌కోంబర్, ఓక్లండ్‌లో ట్రేడర్ విక్స్. గోడలకి వెదురు, గ్లాసులో రమ్ము, ప్లేటులో చైనా వంట. అమెరికా వాళ్లు కలలుగన్న ద్వీపం రుచి అది.

హవాయిలో నిజంగా పుట్టినది కావాలంటే హులీ హులీ చికెన్ చేయండి. 1955లో హొనొలులులో ఎర్నెస్ట్ మోర్గాడో అనే కోళ్ల వ్యాపారి మొదలుపెట్టాడు. "హులి" అంటే తిప్పడం. నిప్పుల మీద తిప్పుతూ తిప్పుతూ సాస్ పూస్తారు. జపాన్ వాళ్ల టెరియాకీ సాస్‌కి చుట్టం.

గుంటూరు_ఘాటు
అంటే జపాన్ సాస్‌తో 1955లో పుట్టినది అసలు సిసలు, నా చింతపండు మాత్రం నకిలీ. బాగుంది సార్ లెక్క.

ఆక్లాండ్_అన్న
ఘాటు గారు అన్నదాంట్లో పాయింట్ ఉంది. పన్నెండేళ్లుగా ఆక్లాండ్‌లో ఉంటున్నా. పసిఫిక్ ద్వీపాల జనం ఇంతగా ఉన్న నగరం ఇంకోటి లేదంటారు. మా పక్కిల్లు సమోవా వాళ్లది. వాళ్లింట్లో ఏ పండగైనా సపాసూయి ఉండాల్సిందే. పేరులోనే ఉంది, చాప్ సూయ్. సేమ్యాలాంటి సన్నటి గాజు నూడుల్స్, మాంసం, బోలెడు సోయా సాస్. చైనా నుంచి వచ్చింది కాబట్టి సమోవా వంట కాదని ఆ పెద్దావిడ ముందు అనండి చూద్దాం. మిరపకాయ మనకి పోర్చుగీసువాళ్లు తెచ్చింది, అలాగని ఆవకాయ మనది కాకుండా పోయిందా?

ఇంకోటి. చెరుకుని పొలినేషియన్లు వాళ్ల పడవల్లోనే తెచ్చుకున్నారు. పసుపు కూడా. హవాయిలో పసుపుని ఓలెనా అంటారు. కాబట్టి తీపి వాళ్లకి కొత్త అనుకోవద్దు.

ద్వీపాల_పిచ్చి
అన్నా, సపాసూయిని సమోవా వాళ్లు సొంతం చేసుకున్నారు, వాళ్లే వండుకుంటున్నారు, వాళ్లే పేరు పెట్టుకున్నారు. ఈ చికెన్‌కి పేరు పెట్టింది బయటివాళ్లు. నా గొడవ దినుసులతో కాదు, బోర్డుతో. ఆవకాయని ఎవరో లండన్‌లో కూర్చుని "ఇండియన్ మ్యాంగో సల్సా" అని అమ్మితే మీకు ఒళ్లు మండదా? చెరుకు, పసుపు సంగతి ఒప్పుకుంటా, మంచి మాట చెప్పారు.

ఆక్లాండ్_అన్న
సల్సా అంటే మండుతుంది. నిజమే.

ఎడిసన్_వదిన
గొడవ ఎటో పోయింది గానీ నా చికెన్ సంగతి చెప్తా. నిన్న మళ్లీ చేశా. కేజీ తొడ ముక్కలు, ఈసారి ఎముకతో. బాబాయ్ గారు చెప్పినట్టు తాజా రసం ఒక కప్పు తీసి, బాగా మరిగించి చల్లార్చా. దాంట్లో మూడు చెంచాల సోయా సాస్, పావు కప్పు బ్రౌన్ షుగర్, వెనిగర్, అల్లం వెల్లుల్లి. సగంలో ముక్కలు రెండు గంటలు నానబెట్టా, సగం సాస్‌కి పక్కన పెట్టా. ఉప్పు విడిగా వేయలేదు. ఓవెన్ 200 డిగ్రీల సెల్సియస్. సాస్ మొదట్లోనే పోస్తే చక్కెర మాడుతుందని చివరి పది నిమిషాల్లో పూశా. ముక్క ముక్కలాగే ఉంది, ఎముక దగ్గర పీకితే పోగులు వచ్చాయి. అంచుల్లో పాకం పట్టి జిగురుగా మెరిసింది.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. రసం మరిగేసరికి తాజా పండు వాసన సగం పోయింది. పోల్చి చూద్దామని టిన్ రసంతో కూడా కాస్త సాస్ చేశా. కళ్లు మూసుకుని తింటే మా అమ్మాయి తేడా చెప్పలేకపోయింది. దింపేముందు వేసిన తాజా ముక్కలే బాగున్నాయి.

ఘాటు గారూ, రెండు ఎండుమిర్చి వేశా. చింతపండు వెయ్యలేదు. వచ్చే వారం ఆఫీసు పాట్‌లక్‌కి (తలా ఒక వంట తెచ్చే విందు) తీసుకెళ్తున్నా, చీటీ మీద "పైనాపిల్ చికెన్" అనే రాస్తా.

గుంటూరు_ఘాటు
రెండేనా? కేజీ చికెన్‌కా?

ల్యాబ్_బాబాయ్
పాట్‌లక్‌కి ఎక్కువ మోతాదు కాబట్టి రసానికి టిన్నే వాడుకోమ్మా, పండ్లు పిండుతూ కూర్చోకు. చక్కెర పాకంలో వేసిన టిన్ను కాకుండా సొంత రసంలో వేసినది చూసి తీసుకో. పాకంలోది అయితే బ్రౌన్ షుగర్ సగానికి తగ్గించాలి. కార్న్‌ఫ్లోర్ చల్లటి నీళ్లలో కలిపి చివర్లోనే పొయ్. పులుపులో ఎక్కువసేపు మరిగితే చిక్కదనం విరిగిపోతుంది.