కోనసీమలో నెలగంట పెట్టాక గొబ్బి పిడకల దండ ఎలా చేస్తారు?

ఇందూరు_అమ్మాయి: మాది నిజామాబాద్, అత్తగారి ఊరు అమలాపురం దగ్గర. ధనుర్మాసం మొదలయ్యే నెలగంట రోజు నుంచే, భోగిమంటలో వేసే పిడకలు మొదలుపెట్టాలంటున్నారు. బతుకమ్మ పేర్చడం వచ్చు గానీ ఈ పని కొత్త. పేడలో ఏం కలపాలి, ఎన్ని రోజులు ఎండాలి? ముగ్గులో పెట్టిన గొబ్బెమ్మల్నే పిడకలు చేయవచ్చా? ఇంకోటి, పండక్కి వచ్చే అమ్మానాన్నలకు కనుమ సాయంత్రానికి తిరుగు రైలు బుక్ చేయనా?

గోదారి_గట్టు: నెలగంట డిసెంబరు 16 ప్రాంతంలో వస్తుంది, భోగి జనవరి 13 లేదా 14. నెల రోజులున్నాయి కదా అని ఆగకండి. జనవరి మొదటి వారం దాటాక చేసినవి భోగికి ఎండవు.

ఆవు పేడ ఏ రోజుది ఆ రోజే వాడాలి. నిల్వ ఉన్నది పొర కట్టి, ఎండేటప్పుడు పగుళ్లిస్తుంది. నీళ్లు పొయ్యొద్దు. మరీ జారుగా ఉంటే గుప్పెడు ఊక కలపండి. పెద్ద నిమ్మకాయంత ముద్దని వేలి మందాన అరచేతిలో అద్ది, సరిగ్గా నడిమధ్య చూపుడు వేలితో చిల్లు పెట్టాలి. అంచుకి జరిగితే గుచ్చేటప్పుడు అక్కడే విరుగుతుంది. ఎండేకొద్దీ చిల్లు పూడుకుపోతుంది కాబట్టి రెండోరోజు పుల్లతో మళ్లీ తిప్పండి.

అసలు కష్టమంతా ఎండబెట్టడంలోనే ఉందండి. ఒకపక్క మంచు, ఇంకోపక్క కొబ్బరి చెట్ల నీడ. గోడకి కొట్టకండి, వెనక వైపు తడి అలాగే ఉండిపోతుంది. డాబా మీద ఎండుగడ్డి పరిచి, మంచు విడిచాక పెట్టి, నాలుగింటికల్లా లోపలికి తెచ్చెయ్యాలి. మధ్యమధ్యలో తిరగెయ్యాలి. వారం, పది రోజులు పడుతుంది. రెండు పిడకలు ఒకదానికొకటి తట్టి చూడండి, టకటకమంటే ఎండినట్టు. లోపల చెమ్మ ఉంటే బూజు పడుతుంది, భోగిమంటలో వేస్తే పొగే వస్తుంది.

గుచ్చడానికి కొబ్బరి తాడో పురికొసో వాడండి. మంటలో పడేది కాబట్టి నైలాన్ తాడు అసలొద్దు. 108 గుచ్చేవాళ్లున్నారు, చిన్నపిల్లల చేతికి చిన్న దండ చాలు.

ముగ్గుచిప్ప: గొబ్బెమ్మల్ని నిక్షేపంగా పిడకలు చేసుకోవచ్చు, చాలా ఇళ్లలో జరిగేది అదే. అయితే గుమ్మడిపువ్వు, బంతిరేకలు పూర్తిగా తీసెయ్యాలి. పువ్వు కుళ్లిన చోట పిడక గుల్లవుతుంది. అడుగున అంటిన ముగ్గు కూడా గీకెయ్యండి, వరిపిండి అయితే చీమలు పడతాయి. గొబ్బెమ్మలు బేసి సంఖ్యలో పెట్టడం, పెద్దది మధ్యలో ఉంచడం మర్చిపోవద్దు. ఊక విషయంలో మాత్రం పైవారితో ఏకీభవించలేను. ఊక ఎక్కువైతే పిడక పొడిపొడిగా రాలిపోతుంది. పేడని గంటసేపు నీడలో ఆరబెడితే అదే గట్టిపడుతుంది.

కౌశిక_ఒడ్డు: రైలు సంగతి చెబుతాను. కనుమనాడు కాకి కూడా కదలదంటారు, ఆ రోజు ప్రయాణమంటే ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోరు. పైగా అదే రోజు మొసలపల్లి జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. పదకొండు ఊళ్ల రుద్రుల (శివుళ్ల) ప్రభలు, అంటే వెదురుతో కట్టి అలంకరించిన ఎత్తైన చట్రాలు, భుజాల మీద వస్తాయి. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు చేలల్లోంచి కౌశిక నది దాటి వస్తుంటే చూడటం జన్మలో ఒక్కసారైనా దక్కాలి. ప్రభలు మోసేవాళ్లు చేలో నడిచినా రైతు శుభమనే అనుకుంటాడు. అంబాజీపేట వైపు రోడ్లన్నీ జనంతో నిండిపోతాయి, సాయంత్రం కారు కదలడం కష్టం. మధ్యాహ్నం మినప గారెలు తిని, అమ్మానాన్నల్ని తీర్థానికి తీసుకెళ్లండి. టికెట్ ముక్కనుమ తర్వాతి రోజుకి చూడండి, పండగ రద్దీ కాబట్టి బుకింగ్ తెరిచిన రోజే చేసుకోవాలి.