శుక్రుడి 13:8 నిష్పత్తి యాదృచ్ఛికమేనా? లెక్క ఎలా కట్టాలి?

సూర్యుడి చుట్టూ శుక్రుడి ఒక చుట్టు 224.701 రోజులు, భూమిది 365.256. మన 8 ఏళ్లకు (2922.05 రోజులు) శుక్రుడి 13 చుట్లు (2921.11) వస్తాయి, తేడా రోజులోపే. ఆ ఎనిమిదేళ్లలో శుక్రుడు భూమికీ సూర్యుడికీ మధ్యకు వచ్చేది 5 సార్లు. 5, 8, 13 ఫిబొనాచీ సంఖ్యలు (ముందు రెండింటిని కూడితే తర్వాతది వచ్చే వరుస) కాబట్టి పొద్దుతిరుగుడు గింజల 34, 55 వరుసలతో ముడిపెట్టేస్తుంటారు. గింజలకైతే కారణం ఉంది: ఒక్కో మొగ్గ ముందుదానికి సుమారు 137.5 డిగ్రీల ఎడంగా పుడుతుంది. కక్ష్యల్లో మాత్రం ఆ రోజులోపు తేడా ప్రతి ఎనిమిదేళ్లకూ పోగవుతూనే పోతుంది. ఫిబొనాచీ వరుసలో లేని ఆవపువ్వు 4 రేకుల మాట మాత్రం ఎవరూ ఎత్తరు!

8 గ్రహాలకు 28 జతలు. కంప్యూటర్లో యాదృచ్ఛిక కక్ష్యాకాలాలు పుట్టించి, ఫిబొనాచీ భిన్నాలకు (13/8 లాంటివి) 0.05 శాతం లోపు పడేవి లెక్కించాలి. ఆ కాలాలను లాగరిథమ్ స్కేలుపై (ప్రతి రెట్టింపుకూ సమాన దూరం ఉండే కొలబద్ద) సమానంగా పంచితే చాలా, కక్ష్యల మధ్య కనీస ఎడం షరతు కూడా పెట్టాలా? భిన్నాలను 34 దగ్గర ఆపడం సబబేనా? తెలిసినవాళ్లు చెప్పగలరు.