జింప్ పాత, కొత్త వెర్షన్ల వేగాన్ని సరిగ్గా పోల్చడం ఎలా?

నమస్కారమండీ. మాది పర్లాకిమిడిలో చిన్న ఫొటో స్టూడియో. పెళ్లిళ్ల సీజన్‌లో ఒక్కో ఆల్బమ్‌కి వందల ఫొటోలు, కాబట్టి ఫిల్టర్‌కి పట్టే సెకన్లు కూడా నాకు ముఖ్యమే. ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ జింప్‌లో 2018లో వచ్చిన 2.10 నుంచి 2025లో వచ్చిన 3.0కి మారాలనుకుంటున్నాను. ఒకే ఫొటోకి రెండింటిలో గాసియన్ బ్లర్ (ఫొటోను మసకబరిచే ఫిల్టర్) వేసి ఫోన్ స్టాప్‌వాచ్‌తో చూస్తే కొత్తదానికే ఎక్కువసేపు పట్టింది. కానీ పాతదానిలో ఫొటో 8 బిట్‌లో ఉంది, కొత్తదానిలో 32 బిట్ ఫ్లోట్‌లో (రంగుల విలువల్ని ఇంకా కచ్చితంగా ఉంచే పద్ధతి) పెట్టాను. తేడా అక్కడే వచ్చిందా?

పైగా 3.0లో ఫిల్టర్ లేయర్‌లో (ఫొటో పొరలో) కలిసిపోకుండా విడిగా నిలుస్తుంది. ఇది నాకు చాలా నచ్చింది, పెళ్లివారు మళ్లీ వచ్చి మార్చమంటే మొదటినుంచి చేయక్కర్లేదు. మరి వేగం కొలిచేటప్పుడు దాన్ని లేయర్‌లో కలిపేయాలా? ఓపెన్‌సీఎల్ (గ్రాఫిక్స్ కార్డుతో కూడా లెక్కలు చేయించే సెట్టింగ్), థ్రెడ్ల (ప్రాసెసర్ ఒకేసారి నడిపే పనుల) సంఖ్య రెండు వెర్షన్లలో ఒకేలా పెడితే చాలా? తెలిసినవారు దయచేసి చెప్పండి, వైశాఖ ముహూర్తాల లోపు తేల్చుకోవాలి.