చూసి రికార్డు రాసిన ప్రాక్టికల్స్, ఇక్కడి ల్యాబ్: ఏం నేర్చుకుని వెళ్ళాలి?

గ్లాస్గో, కొత్త విద్యార్థిని:
అన్నలకీ అక్కలకీ నమస్కారం. బయోటెక్నాలజీ డిగ్రీ చేసి ఎమ్మెస్సీకి వచ్చాను. డిగ్రీలో సార్ చేసి చూపిస్తే రికార్డు రాయడమే ఎక్కువ. త్వరలో ల్యాబ్ మాడ్యూల్ మొదలవుతుంది. దేనితో మొదలుపెట్టాలి?

లీడ్స్ నుంచి:
చెల్లీ, పైపెట్‌తో, అంటే కొద్దిపాటి ద్రవాన్ని కొలిచి పీల్చి వదిలే పరికరంతో. ల్యాబ్ టెక్నీషియన్‌కి మెయిల్ పెట్టి, ఓ గంట సాధన చేసుకుంటానని అడుగు. అడిగితే చిన్నతనమేమీ కాదు. 0.1 మిల్లీగ్రాము దాకా చూపే బ్యాలెన్స్ మీద చిన్న ట్యూబ్ పెట్టి సున్నా చెయ్యి. పి200తో (200 మైక్రోలీటర్ల దాకా కొలిచే పైపెట్) 100 మైక్రోలీటర్ల నీళ్ళు పదిసార్లు వేస్తూ, ప్రతిసారీ బరువు రాసుకుని మళ్ళీ సున్నా చెయ్యి. 20 డిగ్రీల దగ్గర 99.8 మిల్లీగ్రాములు రావాలి.

బాగా ఎక్కువ వస్తోందంటే పీల్చేటప్పుడే పైపెట్ బటన్‌ని రెండో స్టాప్ (నొక్కితే ఆగే రెండో చోటు) దాకా నొక్కుతున్నావు. పీల్చేటప్పుడు మొదటి స్టాపే, రెండోది వదిలేటప్పుడు. ఓసారి ఎక్కువ, ఓసారి తక్కువ అయితే బొటనవేలు గభాలున వదులుతున్నావు, లేదా టిప్ (పైపెట్ చివర తొడిగే ప్లాస్టిక్ మొన) బిగలేదు. టిప్ 2–3 మిల్లీమీటర్లే మునగాలి, లేకపోతే బయట అంటిన నీరూ లెక్కలోకొస్తుంది. పదీ ఒకే అంకె దగ్గర నిలిచి, ఆ అంకే తక్కువగా ఉంటే నీ చెయ్యి బాగానే ఉంది, పైపెట్‌కి కాలిబ్రేషన్ (కొలత సరిచేయడం) కావాలి.

కార్డిఫ్ నుంచి:
తర్వాత జెల్, అంటే కరెంటు పెట్టి డిఎన్‌ఎ ముక్కల్ని విడదీసేది. 1 శాతానికి 0.5 గ్రాముల అగరోజ్, 50 మిల్లీలీటర్ల 1ఎక్స్ టిఎఇ (జెల్‌కి వాడే బఫర్ ద్రావణం). తొందరలో బఫర్ బదులు నీళ్ళు పోస్తే జెల్ చక్కగానే గడ్డకడుతుంది, కానీ అయాన్లు లేక డిఎన్‌ఎ సరిగ్గా కదలదు. కరెంటు పెట్టాక గాని తప్పు తెలియదు. మైక్రోవేవ్‌లోంచి తీసిన ఫ్లాస్క్‌ని ఒక్కసారిగా ఊపకండి, పొంగి చెయ్యి కాలుతుంది. వెల్స్ (నమూనా పోసే గుంటలు) నల్ల వైరు వైపు ఉండాలి, డిఎన్‌ఎ ఎర్ర వైరు వైపు పరుగెడుతుంది. ఏ రసాయనం ముట్టుకోవాలన్నా ముందు దాని కాష్ (COSHH) ఫారం, అంటే దాని ప్రమాదాలూ జాగ్రత్తలూ రాసిన కాగితం, చదవండి. గ్లవ్స్‌తో తలుపు పిడి పట్టుకోకండి.

గ్లాస్గో, కొత్త విద్యార్థిని:
చాలా థాంక్స్. ఊళ్ళో మా జూనియర్లూ ఇదే అడుగుతున్నారు. అక్కడ పైపెట్లు బీరువాలోనే ఉంటాయి.

లీడ్స్ నుంచి:
బీరువా తెరిపించడమే అసలు పని. పాడవుతాయన్న భయంతో దాస్తారు. పైపెట్‌ని పాడుచేసేది లోపలికి ద్రవం పోవడమే: టిప్‌లో ద్రవం ఉండగా పడుకోబెట్టొద్దని మొదటిరోజే చెప్తే చాలావరకు తప్పుతుంది. నలుగురికొక పైపెట్ ఇచ్చి నీళ్ళు తూయించమను, ఖర్చేమీ లేదు. ఆ పది బరువులూ రికార్డులో రాయించాలి. పక్కవాడిది చూసి ఎక్కించలేరు.

డైల్యూషన్ (మెట్లుమెట్లుగా పలచన చేయడం) సాధనకి వంటల్లో వాడే రంగు చాలు. 900 మైక్రోలీటర్ల నీళ్ళలో 100 రంగునీళ్ళు, అందులోంచి 100 ఇంకో 900లోకి, అలా ఆరు ట్యూబులు. ఒక వరుస టిప్ మారుస్తూ, ఇంకో వరుస మార్చకుండా చేయించి పక్కపక్కన పెట్టండి. మార్చని వరుసలో చివరి ట్యూబులు ముదురుగా కనిపిస్తే, ప్లేట్ మీద బ్యాక్టీరియా కాలనీలు లెక్కకు మించి ఎందుకొస్తాయో వేరే చెప్పక్కర్లేదు.

కార్డిఫ్ నుంచి:
వెల్ నింపడం సాధన చేయడానికి చైనా గ్రాస్ జెల్ సరిపోతుంది: 100 మిల్లీలీటర్ల నీళ్ళకి 1 గ్రాము. పాత ప్లాస్టిక్ కార్డుని దువ్వెన పళ్ళలా కత్తిరించి గడ్డకట్టే ముందే నిలబెట్టాలి. పైన నీళ్ళు పోసి, ఒక పాలు గ్లిజరిన్, రెండు పాళ్ళు రంగునీళ్ళు కలిపి వెల్‌లోకి వదలాలి. టిప్ అడుగుకి గుచ్చితే జెల్ చిరిగి రంగు కిందకి జారిపోతుంది. అలాంటివి ఇక్కడే చిరగనివ్వండి, అగరోజ్ ఖరీదు.